పదో రోజు దాకా

పిల్ల అరుపు వినపడినప్పుడు ఫిలోమినా పులుసులోకి చింతపండు పిసుకుతోంది. అది పడిపోయిన ఏడుపు కాదని తెలిసింది. పులుసు చేత్తోనే బయటికి పరుగెత్తింది.

పక్కింటి అరుగు మీద ఆరేళ్ల ఫరా కుడిచెయ్యి పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది. మణికట్టుకి పైన నాలుగు గాట్లు. రెండు లోతుగా దిగాయి. రక్తం మోచేతి దాకా కారింది. నాయనమ్మ ఖాతూన్ బీ అప్పటికే వంటింట్లో నుంచి కారం డబ్బా తెచ్చి, గాయంలో గుప్పెడు కారం వేసి బొటనవేలితో నొక్కుతోంది. పక్కన సున్నం డబ్బీ మూత తీసి ఉంది.

అరుగు కింద ఫిలోమినా వాళ్ల కుక్క సిమెంట్ చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల సందున దోపుకుని, ఎటు పోవాలో తెలియనట్టు చూస్తోంది.

"నీ కుక్కేనే ఫిలోమినా! చూడు, పసిదాన్ని ఏం చేసిందో చూడు!"

"పిన్నీ, ముందు ఆ కారం తియ్యి."

"ఎందుకు తియ్యాలే? కారం విషాన్ని లాగుద్ది. మా అమ్మ కాలం నుంచి..."

ఫిలోమినా వినలేదు. పిల్లని చంకనేసుకుని కుళాయి కిందికి తీసుకెళ్లింది. ఆమె పదకొండేళ్లుగా బడిలో వంట చేస్తోంది. ఆ బడికి ఏడాదికోసారి వచ్చే నర్సమ్మ పిల్లలకి చెప్పే మాటలు గంజి వారుస్తూ ఆమె కూడా విన్నది. కుక్క కరిస్తే కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. సబ్బు, నీళ్లు. పావుగంట. బట్టల సబ్బు అరిగిపోతోంది. ఎర్రనీళ్లు కాలవలోకి పోతున్నాయి. లోపలికి నొక్కిన కారం ఎంతకీ పోవడం లేదు. ఫరా గుక్కపట్టి ఏడుస్తోంది.

ఫరా తల్లి జెబా కుట్టుమిషను ముందు నుంచి లేచి, మొగుడికి ఫోన్ చేసి, మెడలో టేపుతోనే వచ్చింది. ఇరవయ్యారేళ్ల పిల్ల. బిడ్డ రెండో చెయ్యి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది.

"ఏం చేశావమ్మా దాన్ని?"

"ముద్దు పెట్టా," అంది ఫరా వెక్కుతూ. "రోజూ పెట్టేదే. ఇట్టా మొహం పట్టుకుని. కరిచింది."

ఆ మాట అయ్యేలోపల రోడ్డవతల లారీల షెడ్డు నుంచి యాకూబ్ వచ్చాడు. ఫరా తండ్రి. చేతిలో టైర్లు విప్పే ఇనప లివరు ఉంది. వెనకాల షెడ్డు పనివాళ్లు ఇద్దరు రోడ్డు దాటుతున్నారు.

"అక్కా, తప్పుకో."

"యాకూబ్, ఆగయ్యా. ముందు పిల్లని..."

"దానికి సూది వేయించారా లేదా? అది చెప్పు ముందు."

సిమెంట్ ఫిలోమినా కాళ్ల వెనక్కి చేరింది. దాని ఒళ్లు వణకడం ఆమె పిక్కలకి తగులుతోంది.

"వేయించాం," అంది.

"ఈ ఏడా?"

"ఈ ఏడే. జులైలో."

యాకూబ్ చెయ్యి కిందికి దిగింది. పనివాళ్లు ఆగిపోయారు. ఖాతూన్ బీ "హమ్మయ్య" అంటూ అరుగు మీద కూలబడింది.

*

అది అబద్ధం.

ఇంట్లోకి వచ్చి ఫిలోమినా బీరువా సొరుగులో పశువుల ఆసుపత్రి వాళ్లిచ్చిన పచ్చ కార్డు వెతికింది. కార్డులో ఒకే తారీఖు ఉంది. పోయినేడు జులైది. ఏడాదికొకసారి తప్పకుండా వేయించాలని కింద అచ్చు వేసి ఉంది. ఈ ఏడు టీకా శిబిరం ఆదివారం పెట్టారు. ఆమె చర్చికి పోయింది. ఆరాధన అయ్యాక స్త్రీల కూడిక ఉంది. వచ్చేసరికి టేబుళ్లు ఎత్తేశారు. సోమవారం తీసుకెళ్దామనుకుంది. ఆ సోమవారం పోయింది. నాలుగు నెలలు పోయాయి.

భర్త జయరాజు మంచం మీద లేచి కూర్చున్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగులో రాత్రి డ్యూటీ చేసొచ్చి ఇంతసేపూ నిద్రపోయాడు. జరిగింది విని కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"నమ్మారు గదా," అన్నాడు చివరికి. "ఇంక కదిలించమాకు. కుక్క బానే ఉంది."

"బానే ఉందా? పది పన్నెండు రోజుల కింద లారీల దగ్గర ఆ నల్లకుక్కతో పోట్లాడిందే. బుగ్గ మీద గాటు పడలా?"

"మానిపోయింది గదా అది."

"ఆ నల్లకుక్క మళ్లీ నీకు ఎక్కడన్నా కనపడిందా?"

జయరాజు తల అడ్డంగా ఊపి కార్డు ఆమె చేతిలో పెట్టాడు. సిమెంట్ మంచం కింద దూరి మూతి కాళ్ల మధ్య పెట్టుకుంది.

మూడేళ్ల కింద దాన్ని తెచ్చింది జయరాజే. డ్యూటీ దిగి వస్తుంటే లారీ చక్రం పక్కన గుప్పెడు పిల్ల, ఒళ్లంతా బూడిదరంగు దుమ్ము. రెండు బకెట్ల నీళ్లు పోశాక గోధుమరంగు బయటపడింది గానీ, అప్పటికే పక్కింటి ఫరా "సిమెంట్, సిమెంట్" అని చప్పట్లు కొట్టేసింది. ఆ పేరే ఖాయమైంది. ఫరా అంగన్‌వాడీకి పోతుంటే సందు చివరి దాకా వెంటపోయేది. మధ్యాహ్నం పిల్ల వచ్చే వేళకి అక్కడే కూర్చుని ఉండేది. ఫ్యాక్టరీ సైరను ఏది డ్యూటీ దిగే సైరనో, ఏది ఎక్కే సైరనో దానికి తెలుసు. దిగే సైరన్‌కే లేచేది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఎదురు చూస్తున్నారనిపించేది దాని వల్లనే.

గోడ అవతల నుంచి ఖాతూన్ బీ గొంతు వినపడింది.

"ఆసుపత్రికి దేనికే జెబా? సూది వేసిన కుక్క గదా. పొద్దున్నే తాయెత్తు కట్టిద్దాం. వాడేమో బ్రేక్‌డౌన్ లారీ అని మాచర్ల రోడ్డు పట్టి పోయె. పొద్దుగూకేవేళ నువ్వొక్కదానివి పిల్లనేసుకుని యాడికి పోతావు?"

జెబా ఏమందో వినపడలేదు. తర్వాత కుట్టుమిషను చప్పుడు మొదలైంది. అంటే జెబా నమ్మింది. ఇంక వెళ్లదు.

ఫిలోమినా కార్డు పట్టుకుని లేచింది.

"కూర్చో," అన్నాడు జయరాజు. "నువ్వు చెప్పావంటే రేపు పొద్దునకల్లా అది ఉండదు. యాకూబ్ సంగతి నీకు తెలవదా?"

"తెలుసు."

"మరి?"

"ఆ పిల్లకేమన్నా అయితే?"

జయరాజు మంచం కిందికి చూశాడు. "పో మరి," అన్నాడు. గొంతులో కోపం ఉందో ఇంకేదన్నా ఉందో ఆమె ఆగి చూడలేదు.

*

జెబా మిషను ఆపి కార్డు చూసింది. ఫిలోమినా నిలబడే చెప్పింది. జులైలో వేయించలేదు. భయపడి అబద్ధం చెప్పాను. పది పన్నెండు రోజుల కింద ఇంకో కుక్కతో పోట్లాడింది, అది కూడా చెప్పలేదు.

ఖాతూన్ బీ నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లన్నీ ఫిలోమినాకి తగినవే. జెబా తిట్టలేదు. కార్డు తిరిగి ఇచ్చేసి, కొక్కేనికున్న బుర్ఖా తీసుకుని వేసుకుంది. బీరువా మీద నుంచి ఆధార్ కార్డు తీసింది. నిద్రలోకి జారుతున్న ఫరాని భుజాన వేసుకుంది.

"యాడికే?" అంది ఖాతూన్ బీ.

"పేటకి. జిల్లా పెద్దాసుపత్రికి. లోతు కాటుకి గాయం చుట్టూ కూడా ఇంకో సూది వెయ్యాలంట. అది అక్కడే ఉంటదంట. ఇందాక ఊళ్లో ఆసుపత్రికి ఫోన్ చేస్తే చెప్పారు."

"వాడికి ఫోన్ చెయ్యి. వాడొచ్చాక..."

"నాలుగుసార్లు చేశా. కలవట్లా. ఐదున్నర బస్సు పోయిద్ది."

జెబా తమ ఊరు దాచేపల్లి దాటి ఒంటరిగా ఎప్పుడూ పోలేదు. పుట్టింటికైనా యాకూబో, తమ్ముడో దింపాల్సిందే. ఫిలోమినా చెప్పులు వేసుకుంది.

"నేనూ వస్తా పద."

జెబా గుమ్మంలో ఆగింది.

"నువ్వు రామాకు అక్కా. నువ్వు పక్కనుంటే నాకు కోపమొస్తది. కోపంలో పిల్లని సరిగా పట్టుకోలేను." బస్సు హారన్ వినపడుతోంది. "నువ్వు కుక్కని చూడు. అది చచ్చినా, తప్పిపోయినా నిన్నే అడుగుతా."

ఆడవాళ్లకి బస్సు ఉచితం అయి అప్పటికి మూడు నెలలు, ఆధార్ చూపిస్తే చాలు. పత్రికలో ఆ ఫోటోలు వచ్చిన రోజు జెబా నవ్వి, "మనకెందుకు అక్కా, మనం యాడికి పోతాం" అన్నది. ఇప్పుడు ఆధార్ కార్డు పళ్ల మధ్య పట్టుకుని, పిల్లని రెండు చేతులా ఎత్తుకుని పరుగెత్తి బస్సెక్కింది.

*

తెల్లవారి ఆరున్నరకి గేటు మీద ఇనుము మోగింది.

ఫిలోమినా నిద్రపోలేదు. సిమెంట్‌ని పెరట్లో జామచెట్టుకి చీర పేలికతో కట్టి, గడప మీద కూర్చుంది. యాకూబ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాచర్ల నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా గ్రీజు.

"నా పిల్ల రాత్రంతా ఆసుపత్రి వరండాలో ఉంది అక్కా. నీ వల్ల. కుక్కని బయటికి పిలువు."

"యాకూబ్, తప్పు నాది. నన్ను ఏమన్నా అను."

"నిన్నేం అంటాను? కుక్కని పిలువు. నువ్వు పిలిస్తేనే వచ్చిద్ది."

ఫిలోమినా గడప మీద నుంచి లేచి నిలబడింది.

సరిగ్గా ఈ మాటే ఒకసారి విన్నది. అప్పుడామెకి తొమ్మిదేళ్లు. ఎడ్లపాడు దగ్గర వాళ్ల ఊళ్లో జాకీ అని ఒక నల్లమచ్చల ఆడకుక్క ఉండేది. ఆమె వేలు చప్పరిస్తే పత్తిచేలో ఎక్కడున్నా వచ్చేది. వానొస్తే ఆమె పుస్తకాల సంచి మీదే పడుకునేది. ఈనిన నాలుగో రోజు ఆమె తమ్ముడు ప్రభు పిల్లల్లో చెయ్యి పెడితే పిక్క పట్టుకుంది. ఊరంతా కర్రలతో వచ్చారు. జాకీ గడ్డివాము కిందికి దూరింది, ఎవరికీ చిక్కలేదు. "నువ్వు పిలిస్తేనే వచ్చిద్ది. పిలువమ్మా," అని వాళ్ల నాన్నే అన్నాడు. ఆమె పిలిచింది. అది తోక ఊపుకుంటూ వచ్చింది. పిల్లల కోసం కరిచిందో, పిచ్చెక్కి కరిచిందో తెలుసుకునే దారి ఆ సాయంత్రమే మూసుకుపోయింది. ప్రభుకి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. రోజూ గుంటూరు బస్సు. పద్నాలుగు రోజులూ అమ్మ వాడి మొహం వంకే చూస్తూ, నీళ్లు తాగుతుంటే గొంతు వంక చూస్తూ గడిపింది. వాడు బతికాడు. జాకీ పిల్లలు నాలుగూ పాలు లేక చచ్చిపోయాయి.

"పిలవను," అంది ఫిలోమినా.

"ఏంది?"

"నేను పిలవను. నువ్వు లోపలికొచ్చి చంపుకో. నేను మాత్రం పిలవను."

జయరాజు లోపలి నుంచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. యాకూబ్ గేటు గొళ్లెం ఎత్తాడు.

"దాన్ని చంపితే నాకెట్టా తెలిసిద్ది?" అంది రోడ్డు మీద నుంచి ఒక గొంతు.

మొదటి బస్సు దిగి జెబా వస్తోంది. ఫరా భుజాన నిద్రపోతోంది, చేతికి తెల్లటి కట్టు. జెబా మొహం వాడిపోయి ఉంది గానీ నడక గట్టిగా ఉంది. చేతిలో ఆసుపత్రి చీటీ.

"ఏం తెలవాలి నీకు?" అన్నాడు యాకూబ్.

"పది రోజులు చూడమన్నారు. కుక్క పది రోజులు బతికుంటే, కరిచిన రోజున దాని నోట్లో ఆ రోగం లేనట్టు. చచ్చినా, కనపడకుండా పోయినా ఉందనే అనుకోవాలంట." చీటీ అతని ముందుకి చాపింది. "పిల్లకి సూదులు పడ్డయి. గాయం చుట్టూ వేశారు, చేతికి వేశారు. ఆ గదిలో నర్సు మూడేళ్ల నుంచి చేస్తందంట. టయానికి వచ్చినోళ్లు ఒక్కరు కూడా పోలేదమ్మా అని చెప్పింది. డబ్బులు కూడా అడగలా. అంతా బానే ఉంది. అయినా నాకు నిద్ర పట్టాలంటే ఆ కుక్క బతికుండాలి. నువ్వు చంపావనుకో, ఏళ్ల తరబడి నేను ఈ పిల్ల గొంతు వంక చూస్తా కూర్చోవాలి."

యాకూబ్ వెంటనే గొళ్లెం మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తీశాక షెడ్డుకి పోయాడు. తిరిగొచ్చేటప్పుడు లారీలకి వాడే గొలుసూ, అరచేతంత తాళమూ తెచ్చాడు. చీర పేలిక తీసేయించి, జయరాజు చేత కుక్క పట్టీకి గొలుసు కట్టించి, చెట్టుకి తాళం వేశాడు.

"తాళంచెవి నా దగ్గరే ఉంటది," అన్నాడు. "పది రోజులు."

*

ఆ రోజు నుంచి జెబా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గోడ దగ్గరికి వచ్చేది. ఇటుకల మీద ఎక్కి, సిమెంట్ వంక చూసేది. అడిగే మాట ఒక్కటే.

"తిన్నదా?"

"తిన్నది."

అంతే. దిగి వెళ్లిపోయేది. ఇంతకుముందు గంటలు గంటలు మాట్లాడుకునే గోడ అది. కూరలు చేతులు మారిన గోడ.

సిమెంట్‌కి గొలుసు కొత్త. మొదటి రెండు రోజులూ లాక్కుని, మెడ ఒరుసుకుని, ఫ్యాక్టరీ సైరన్ మోగినప్పుడల్లా అరిచింది. మూడో రోజు అరవడం మానేసింది. ఆ రోజు ఫరాకి రెండో సూది, ఊళ్లో ఆసుపత్రిలోనే వేశారు.

నాలుగో రోజు పొద్దున పెట్టిన పెరుగన్నం మధ్యాహ్నం ఫిలోమినా బడి నుంచి వచ్చేసరికి అలాగే ఉంది. చీమలు పట్టాయి. నీళ్ల గిన్నె నిండుగా ఉంది. సిమెంట్ లేచి గిన్నె దాకా వచ్చింది. నీళ్లలో మూతి పెట్టబోయి, తల విదిల్చి వెనక్కి పోయింది. మూతి పక్క నుంచి చొంగ తీగలా వేలాడుతోంది.

నీళ్లంటే భయం. చొంగ. చిన్నప్పుడు అమ్మ ప్రభులో వెతికినవన్నీ ఇవే.

సాయంత్రం గోడ మీద జెబా తల కనపడింది.

"తిన్నదా?"

గిన్నె మీద చీమల్ని దులిపేసి ఒక్క మాట అంటే చాలు. ఎవరూ లోపలికొచ్చి చూడరు. ఈ రాత్రికి జెబా నిద్రపోతుంది.

"తినలా," అంది ఫిలోమినా. "నీళ్లు కూడా ముట్టలా. చొంగ కారుస్తంది."

జెబా ఇటుకల మీద నుంచి దిగలేదు.

"ఎప్పటి నుంచి?"

"పొద్దుటి నుంచి. డాక్టరమ్మకి ఫోన్ చేశా. వస్తానంది."

పశువుల డాక్టరు కృష్ణకుమారి స్కూటీ మీద వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని పదినిమిషాలు చూసింది. ఈలోపల జయరాజు చొక్కా చేతులు మడుస్తున్నాడు.

"ఎముక ఇరుక్కుందేమో మేడమ్. మొన్న కోడి ఎముక వేశా. నోరు తెరిచి తీసేస్తా, నన్నేం చెయ్యదు."

"చెయ్యి పెట్టావంటే నిన్ను కూడా గొలుసేసి కట్టేస్తా," అంది కృష్ణకుమారి. "వెనక్కి రావయ్యా. ఆ రోగం వచ్చినప్పుడు కూడా గొంతులో ఎముక ఇరుక్కున్నట్టే ఉంటది. పాపం అని నోట్లో చెయ్యి పెట్టినోళ్లే ఎక్కువ పోయారు."

జయరాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అదేనా మరి?" గోడ మీద నుంచి జెబా అడిగింది.

"అవునని చెప్పలేను, కాదని చెప్పలేను. ఎడమ బుగ్గ వాచింది చూడు, అది కూడా కావచ్చు. దగ్గరికి పోకుండా కర్రతో గిన్నె జరపండి. అదే అయితే రెండు మూడు రోజుల్లో పడిపోయిద్ది. లేకపోతే తేరుకునిద్ది." గోడ వంక తిరిగింది. "నీ పిల్లకి సూదులు పడ్డయి గదా. మానమాకు. కుక్క ఏమైనా సరే మానమాకు."

ఆ రాత్రి జయరాజు డ్యూటీకి సెలవు పెట్టాడు. మర్నాడు బడికి ఫిలోమినా పోలేదు. పడిపోయిద్దా, తేరుకునిద్దా? ఇద్దరూ పెరటి గుమ్మంలో కూర్చున్నారు. చేసేదేమీ లేదు, చూడటం తప్ప.

ఎండెక్కాక గోడ మీదుగా ఒక రొట్టె ముక్క వచ్చి సిమెంట్ ముందు పడింది. ఖాతూన్ బీ. ముసలామె ఇటుకల మీదికి ఎక్కలేదు, ఆమె చెయ్యి మాత్రమే కనపడింది.

"పిన్నీ, నువ్వా?"

"నేను కాకపోతే ఎవరే? మూడేళ్లుగా వేస్తన్నా. నీకు తెలవదా?"

ఫిలోమినాకి నిజంగానే తెలియదు. ఖాతూన్ బీ కుక్కని గడప తొక్కనివ్వదు. తోక తగిలితే కాళ్లు కడుక్కుంటుంది.

"దాన్ని ముట్టుకోను. ముట్టుకోగూడదు మాకు. తెల్లార్జామున నమాజుకి లేచినప్పుడు నా అలికిడి విని గోడ దగ్గరికి వచ్చి కూర్చుంటది. ఆకలితో చూసేదాన్ని చూసి ఊరుకోమని ఎవరు చెప్పారు? పెళ్లి కాకముందు మాచర్లలో మాకు పావురాళ్లుండేయి. అరవై. మా అబ్బాజాన్ ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాడు. మా పేర్లు మర్చిపోయేవాడు గానీ వాటి పేర్లు మర్చిపోయేవాడు కాదు." గోడ మీదుగా ఇంకో ముక్క పడింది. "తింటందా?"

"లేదు పిన్నీ."

"కారం నేను పెట్టుండగూడదే," అంది గోడవతలి గొంతు. "జెబాని ఆసుపత్రిలో అడిగారంట, కారం పెట్టింది ఎవరమ్మా అని. మీ మిరపకాయల పల్లెలోళ్లు వారానికొకరు వస్తారు ఇట్టా అన్నారంట. లోపలికి నొక్కితే విషం ఇంకా లోపలికి పోయిద్దంట గదా. నేను నొక్కితిని." గోడ మీది చెయ్యి కిందికి పోయింది. "దాన్ని బతకనియ్యమని దువా చేస్తన్నా. నవ్వమాకు."

ఫిలోమినా నవ్వలేదు.

ఆరో రోజు పొద్దున జయరాజు కేకేశాడు. సిమెంట్ బుగ్గ చెట్టుకేసి రుద్దుకుంటోంది. వాపు చితికి, చీమూ నెత్తురూ మెడ దాకా కారాయి. నేల మీద గోరంత తెల్లటి ముక్క పడి ఉంది. జయరాజు పుల్లతో తిరగేసి చూశాడు. విరిగిన పన్ను మొన. నల్లకుక్కది. పదిహేను రోజులకి పైగా బుగ్గలో ఉండిపోయింది. పైకి గాటు మానింది గానీ లోపల కుళ్లింది. ఫరా రెండు చేతులతో పట్టుకుని నొక్కింది ఆ బుగ్గనే.

సిమెంట్ నీళ్ల గిన్నె దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. ఒకసారి నాలుక ఆడించి ఆగింది. తర్వాత తల ఎత్తకుండా తాగింది. గిన్నె అంచు గొలుసుకి తగిలి టంగుమంది.

జెబా ఇటుకల మీద ఉంది. ఎప్పుడు ఎక్కిందో తెలియదు. ఏడుస్తోంది. ఫిలోమినా తన వంక చూడగానే దిగిపోయింది.

డాక్టరమ్మ మాత్రం నమ్మకంగా చెప్పలేదు. "మంచిదే. కానీ దీన్ని కరిచింది నల్లకుక్క. ఆ నల్లకుక్క సంగతి మనకి తెలవదు. పది అయ్యేదాకా పదే."

*

పదో రోజు ఎప్పటికి పూర్తయినట్టో తేలలేదు.

ఖాతూన్ బీ లెక్కలో రోజు మగ్రిబ్ నమాజుతో మొదలవుతుంది. కాబట్టి బుధవారం పొద్దుగూకగానే గడువు తీరింది. జయరాజు లెక్క అర్ధరాత్రికి. యాకూబ్ గురువారం మధ్యాహ్నం మూడున్నర అన్నాడు, కరిచిన నిమిషానికి పది రోజులు నిండి పదకొండో రోజు పడాలంట.

"ఫోన్‌లో టైము ఉంది. జెబా నాకు ఫస్టు ఫోన్ చేసింది మూడు నలభైకి. నలభై దాకా ఆగుదాం."

"ఏందిరా, కోర్టు వాయిదాలాగా?" అంది ఖాతూన్ బీ.

"ఉండు అమ్మా."

గురువారం మూడు నలభైకి యాకూబ్ తాళంచెవి తెచ్చాడు. ఫరా చేతికి కట్టు విప్పేశారు, మచ్చలు గులాబీ రంగులో ఉన్నాయి. అమ్మ వెనకాల నిలబడి చూస్తోంది గానీ దగ్గరికి రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు. తాళం తీశాక సిమెంట్ ఒళ్లు విదిల్చుకుంది. పెరడంతా ఒకసారి తిరిగి, ఎవరి దగ్గరికీ పోకుండా గేటు కింద నుంచి దూరి రోడ్డు మీదికి పోయింది. యాకూబ్ దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. గొలుసు చుట్టగా చుట్టి భుజాన వేసుకున్నాడు.

"మెడ ఒరుసుకుంది," అన్నాడు జయరాజుతో. "షెడ్డులో వేజిలీన్ ఉంది. పంపిస్తా."

అతను వెళ్లాక జెబా గడప దాటి లోపలికి వచ్చింది. పది రోజుల్లో మొదటిసారి. చేతిలో మడిచిన తెల్లకాగితం ఉంది. బల్ల మీద పరిచి, మూలల మీద ఉప్పు డబ్బా, అగ్గిపెట్టె పెట్టింది.

"సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారంట. పేటకి పోతన్నా."

"నువ్వా? ఒక్కదానివేనా?"

"బస్సు నాకు తెలుసు ఇప్పుడు. ఆఫీసు ఆసుపత్రికి దగ్గరే అంట."

ఫిలోమినా చదివింది. జెబా చేతిరాత గుండ్రంగా, పదో తరగతి పిల్ల రాతలాగే ఉంది. కుక్కల టీకా శిబిరం మండలానికి ఒక్కచోట కాకుండా వీధి వీధికీ పెట్టాలి. ఆదివారం పెట్టకూడదు, శుక్రవారం మధ్యాహ్నం పెట్టకూడదు. గాయం చుట్టూ వేసే మందు ఊళ్లో ఆసుపత్రిలోనే ఉంచాలి. కుక్క కరిస్తే కారం పెట్టకూడదని రేషన్ దుకాణం దగ్గర, మిల్లుల దగ్గర బోర్డులు రాయించాలి. కింద పందొమ్మిది సంతకాలు. మొదటిది ఉర్దూలో, వణుకుతూ ఉంది. ఖాతూన్ బీది. మూడోది యాకూబ్‌ది.

మధ్యలో ఒక వాక్యం దగ్గర ఫిలోమినా కళ్లు ఆగాయి. "మా పక్కింటి వారి కుక్కకు ఈ సంవత్సరం టీకా పడలేదు. శిబిరం ఆదివారం కావడం వలన యజమాని శ్రీమతి ఫిలోమినా గారు ప్రార్థనకు వెళ్లి ఉన్నారు."

"నేను అబద్ధం చెప్పిన సంగతి రాయలేదే," అంది.

"అది కలెక్టరుకెందుకు?" అంది జెబా. "అది నీకూ నాకూ మధ్య సంగతి."

"ఇంకా ఉందా?"

జెబా ఆమె కళ్లలోకి చూసింది.

"ఉంది," అంది. "అంత తొందరగా ఎట్టా పోయిద్ది అక్కా?" కలం మూత తీసి ముందు పెట్టింది. "ఇక్కడ ఇరవయ్యోది నీకోసం ఉంచా. పెట్టు."

ఫిలోమినా పేరు మొత్తం రాసింది.